హిప్నాటిజం చికిత్సకు వెళ్లాలనుకుంటే ఎవరిని ఎంచుకోవాలి, ఏమి అడగాలి, ఏది నమ్మకూడదు

పరీక్షల భయంతో నిద్రపట్టని ఇంటర్ విద్యార్థికి, ఎన్ని స్కానింగులు తీయించినా కారణం తేలని కడుపునొప్పితో బాధపడేవారికి, సిగరెట్ మానలేకపోతున్న లారీ డ్రైవరుకు, సూదిమందు అంటే వణికిపోయే ఆడపిల్లకు "ఒకసారి హిప్నాటిజం చేయించి చూడండి" అని ఎవరో ఒకరు సలహా చెప్పడం అనంతపురం, కర్నూలు, కడప పట్టణాలలో మామూలే. ఆ మాట విన్న ఇంట్లో వెంటనే రెండు పక్షాలు ఏర్పడతాయి. ఒక పక్షం దానితో ఏ జబ్బయినా పోతుందని నమ్ముతుంది. రెండవ పక్షం అది వశీకరణమని, మనిషి మనసును ఇంకొకరి చేతిలో పెట్టడమని భయపడుతుంది. రెండూ పొరపాటే. హిప్నాటిజం దానంతట అది ఒక వైద్యం కాదు. ధ్యాసను ఒకచోట నిలిపి సూచనలు ఇచ్చే ఈ పద్ధతి, అర్హత ఉన్న వైద్యుడో సైకాలజిస్టో తన చికిత్సలో భాగంగా వాడుకునే సాధనం. అందువల్ల హిప్నాటిజం రాకపోయినా మీ బాధకు చికిత్స చేయగల అర్హత ఎవరికి ఉందో, వారి దగ్గర మాత్రమే మీరు హిప్నాటిజం చేయించుకోవాలి. ఈ కింది సూచనలన్నీ ఈ మాట మీదనే ఆధారపడి ఉన్నాయి.

మొదట జబ్బు ఏమిటో తేల్చుకోండి

హిప్నాటిజం గురించి ఆలోచించడానికి ముందే మీ బాధకు మామూలు వైద్య పరీక్ష పూర్తి కావాలి. తలనొప్పితో పాటు చూపు మసకబారుతున్నా, కడుపునొప్పితో పాటు బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడుతున్నా ముందుగా వెళ్లవలసింది ఫిజీషియన్ దగ్గరికి. నొప్పి తెలియకుండా చేసే చికిత్స, ఆ నొప్పి చెబుతున్న జబ్బును కూడా కనబడకుండా దాచిపెట్టే ప్రమాదం ఉంది. దిగులు, భయం, నిద్రలేమి వంటివి ప్రధానంగా ఉంటే అనంతపురం, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలోను, కడప రిమ్స్‌లోను ఉన్న మానసిక వైద్య విభాగపు ఓపీలో చూపించుకోవచ్చు. పల్లె నుండి రావడం కష్టమైనవారు 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ హిప్నాటిజం చేయరు గాని, మీరు ఎటువంటి నిపుణుడిని కలవాలో చెప్పగలరు.

చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్లు వినబడడం, అయినవారే అన్నంలో విషం కలుపుతున్నారని అనుమానించడం, రోజుల తరబడి నిద్ర లేకుండా అతిగా మాట్లాడుతూ తిరగడం వంటి లక్షణాలు ఉన్నవారిని ఇప్పటికీ చాలా ఊళ్లలో "గాలి సోకింది" అని అంత్రం కట్టించి, అది పని చేయకపోతే హిప్నాటిజం చేసే వ్యక్తి దగ్గరికి తీసుకువెళుతున్నారు. ఈ లక్షణాలు ఉన్నవారికి హిప్నాటిజం సాధారణంగా తగదు, కొందరిలో అది భ్రమలను మరింత పెంచవచ్చు. వారికి కావలసింది మానసిక జబ్బుల డాక్టరైన సైకియాట్రిస్టు, క్రమం తప్పని మందులు. అవసరమైతే బెంగుళూరు నిమ్హాన్స్ వంటి మానసిక వైద్య సంస్థ. మూర్ఛ ఉన్నవారు ఆ సంగతిని ముందుగానే చెప్పాలి. ఎవరు చెప్పినా సరే, హిప్నాటిజం మొదలుపెట్టామన్న కారణంతో మానసిక జబ్బుల మందులను, ఫిట్స్ మందులను, షుగర్ మందులను మీ అంతట మీరు ఆపకూడదు.

దేనికి పని చేస్తుందో తెలుసుకుని ఆశ పెట్టుకోండి

ఈ విషయంలో పరిశోధన ఉన్నంతవరకు చెప్పుకోవాలి. కడుపు ఉబ్బరం, నొప్పి, ఒకసారి విరేచనాలు, ఒకసారి మలబద్ధకం అన్నట్లు సాగే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనే పేగు సమస్యకు హిప్నాటిజం బాగా ఉపయోగపడుతుందని 1984లో ఇంగ్లాండులోని మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ బృందం చేసిన పరిశోధన చూపింది. ఆ తరువాత ఇంకా పరిశోధనలు వచ్చాయి. ఏడాదిపాటు మందులు వాడినా తగ్గనివారి విషయంలో పరిశీలించదగిన మానసిక చికిత్సలలో ఒకటిగా బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు కూడా దీనిని చేర్చాయి. శస్త్రచికిత్సకు, పంటి చికిత్సకు ముందు ఉండే భయాన్ని, కొన్ని రకాల నొప్పిని తగ్గించడంలోనూ దీనికి చోటు ఉంది. మత్తుమందులు ఇంకా రాని 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్‌డేల్ అనే స్కాట్లాండ్ సర్జన్ ఈ పద్ధతికి పూర్వరూపమైన మెస్మెరిజంతోనే పెద్ద పెద్ద కణితులను కోసి తీశాడు. అయితే ఈ రోజుల్లో మత్తుమందు ఇవ్వగలిగిన చోట దాని బదులు హిప్నాటిజంతో ఆపరేషన్ చేయించుకోవాలనుకోవడం తెలివైన పని కాదు.

సిగరెట్ మానడం విషయంలో ఫలితాలు అంత గట్టిగా లేవు. ఇతర పద్ధతుల కంటే ఇది మెరుగని తేలలేదు కాబట్టి, "ఒక్క సిట్టింగులో మానిపిస్తాం" అనే బోర్డును చూసి డబ్బు కట్టవద్దు. షుగర్, క్యాన్సర్, ఫిట్స్ నయం చేస్తామని చెప్పేవారి సంగతి వేరు. మంత్రతంత్రాలతోనో మందులతోనో ఇటువంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమిడీస్ చట్టం నిషేధించింది. అటువంటి కరపత్రం చేతికి వస్తే దానిని చించి పారేయకుండా దాచిపెట్టండి, ఫిర్యాదు చేయవలసి వస్తే అదే సాక్ష్యం అవుతుంది.

భయాలను ఒక్కొక్కటిగా విప్పి చూడండి

"నిద్రపుచ్చుతారు కదా, ఆ సమయంలో ఏమి జరుగుతుందో మనకు తెలియదు కదా" అన్నది అందరికంటే ముందు వచ్చే ప్రశ్న. అది నిద్ర కాదు. మెదడు తరంగాలను రికార్డు చేసి చూస్తే అవి నిద్రలో కనిపించే తరంగాల మాదిరిగా ఉండవు. కళ్లు మూసుకున్నా బయటి హారన్ వినబడుతుంది, డాక్టరు మాట వినబడుతుంది, ముక్కు దురద పెడితే గోక్కోవచ్చు. రాత్రంతా తోలుబొమ్మలాటలో లీనమై కూర్చున్నవారికి పక్కవారి మాటలు వినబడుతున్నా పట్టనట్లు ఉంటుంది కదా, ధ్యాస ఒకచోట నిలిచిపోయిన ఆ స్థితికి ఇది దగ్గరగా ఉంటుంది. సిట్టింగు అయిన తరువాత జరిగినదంతా చాలామందికి గుర్తుంటుంది. అందుకే కొందరు "నాకేమీ కాలేదు, ఊరికే కళ్లు మూసుకుని పడుకున్నాను" అని నిరాశపడతారు. అయినా వారిలో కొందరికి చికిత్స పని చేసే ఉంటుంది.

రెండవ భయం ఆ స్థితిలోనే ఉండిపోతామేమోనన్నది. మీకు సూచనలు ఇస్తున్న మనిషి మధ్యలో లేచి వెళ్లిపోయినా మీరు కొంతసేపటికి మీ అంతట మీరే కళ్లు తెరుస్తారు, లేదా మామూలుగా నిద్రపోయి లేస్తారు. అలాగే ఉండిపోయేవారు ఎవరూ లేరు.

మూడవది, వశం చేసుకోవడం గురించిన భయం. దీని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇందులో అబద్ధం ఎంత ఉందో జాగ్రత్త పడవలసిన విషయం కూడా అంతే ఉంది. శక్తి హిప్నాటిస్టు కళ్లలోనో చేతులలోనో ఉంటుందన్న నమ్మకం చాలా పాతది. 18వ శతాబ్దంలో ఫ్రాంజ్ మెస్మర్ తన శరీరం నుండి ఒక అయస్కాంత ద్రవం రోగిలోకి ప్రవహిస్తుందని పారిస్‌లో ప్రచారం చేశాడు. 1784లో ఫ్రాన్స్ రాజు ఒక సంఘాన్ని వేసి, అందులో బెంజమిన్ ఫ్రాంక్లిన్, లావోయిజర్ వంటి శాస్త్రవేత్తలను ఉంచి పరీక్ష చేయించగా అటువంటి ద్రవమేదీ లేదని, జరుగుతున్నదంతా రోగి ఊహాశక్తి వల్లనే జరుగుతున్నదని తేలింది. గోవాలో పుట్టి పారిస్‌లో ఈ ప్రదర్శనలు ఇచ్చిన అబే ఫరియా కూడా ఫలితం చేసేవాడి నుండి రాదని, చేయించుకునేవాడి మనసులోనే పుడుతుందని చెప్పాడు. పనాజీలో ఆయన విగ్రహం ఇప్పటికీ ఉంది. కాబట్టి మీరు ఇష్టపడకపోతే, ధ్యాస పెట్టకపోతే హిప్నాటిజం జరగదు.

అయితే జాగ్రత్త పడవలసినది ఎక్కడ? 1965లో మార్టిన్ ఓర్న్, ఫ్రెడరిక్ ఎవాన్స్ అనే పరిశోధకులు తాము చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. హిప్నాటిజంలో ఉన్నవారిని విషసర్పాన్ని పట్టుకోమని, యాసిడ్‌ను ఒక మనిషి మీద చల్లమని చెబితే చాలామంది అలాగే చేయబోయారు. కాని హిప్నాటిజంలో ఉన్నట్లు నటించమని చెప్పినవారు కూడా అలాగే చేయబోయారు. ప్రయోగం చేసే పెద్దలు ప్రమాదం జరగనివ్వరన్న నమ్మకమే వారందరినీ నడిపించింది. ఆపద హిప్నాటిజంలో లేదు, ఎదుటివారిని ఎంత నమ్మాలో తెలియకుండా నమ్మడంలో ఉంది. అందువల్ల మొదటి సిట్టింగులలో, ముఖ్యంగా ఆడవారి, పిల్లల విషయంలో, ఇంటివారు ఒకరు గదిలోనో, తలుపు తెరిచి ఉంచిన పక్క గదిలోనో ఉండాలని అడగండి. ఈ చికిత్సకు శరీరాన్ని తాకవలసిన అవసరం లేదు. ఇంటివారు ఉండడానికి ఒప్పుకోని మనిషి దగ్గర కూర్చోవద్దు.

బస్టాండులో ఎవరో వచ్చి పలకరించి, చెయ్యి పట్టుకుని, హిప్నటైజ్ చేసి మెడలో గొలుసు తీసుకుపోయారన్న వార్తలు కూడా ఈ భయంలో భాగమే. బంగారం కొనుగోలుకు పేరున్న ప్రొద్దుటూరు వంటి ఊళ్లలో ఈ మాట మరీ ఎక్కువగా వినబడుతుంది. అక్కడ జరిగేది హిప్నాటిజం కాదు. పోలీసు వేషంలో వచ్చి ముందు దొంగలున్నారని భయపెట్టడం, నకిలీ బంగారు బిళ్లను చూపి ఆశపెట్టడం, కింద పడిన నోట్లను చూపి ధ్యాస మళ్లించడం వంటి మోసాలు అవి. మోసపోయామని చెప్పుకోవడానికి సిగ్గుపడి హిప్నటైజ్ చేశారని చెప్పుకోవడం బాధితుల తప్పు కాదు గాని, ఆ మాట వల్ల విచారణ దారి తప్పుతుంది. వెంటనే 112కు ఫోన్ చేసి వారు అన్న మాటలను, వేసుకున్న బట్టలను, వాహనాన్ని, ఎటు వెళ్లారన్నదానిని జరిగిన వరుసలో చెప్పండి. భారతీయ న్యాయ సంహితలో మోసానికి సంబంధించిన 318వ సెక్షను ఉంది.

వేదిక మీది ప్రదర్శనను చూసి చికిత్సను అంచనా వేయవద్దు. బి.వి.పట్టాభిరామ్ వంటి ప్రసిద్ధ ఇంద్రజాలికుల వల్ల తెలుగువారికి హిప్నాటిజం మొదట కళగానే పరిచయమైంది. పాఠశాల వార్షికోత్సవంలో ఎర్రగడ్డను (ఉల్లిగడ్డను) ఆపిల్ పండని తినిపించే ప్రదర్శకుడు ముందుగా చిన్న చిన్న పరీక్షలు పెట్టి, సులువుగా స్పందించేవారిని, నలుగురిలో నిలబడడానికి ఉత్సాహపడేవారిని వేదిక మీదికి పిలుస్తాడు. మిగిలినవారు కుర్చీలలోనే ఉండిపోతారు. ఇలా స్పందించే గుణం అందరిలోనూ ఒకే విధంగా ఉండదు. దానిని కొలవడానికి 1959లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైట్‌జెన్‌హాఫర్, హిల్గార్డ్ పన్నెండు అంశాల పరీక్షను తయారు చేశారు. కొద్దిమంది చాలా ఎక్కువగా, కొద్దిమంది చాలా తక్కువగా స్పందిస్తారని, ఎక్కువమంది మధ్యలో ఉంటారని అటువంటి పరీక్షల వల్ల తెలిసింది. తెలివితక్కువవారు, పిరికివారు మాత్రమే లోబడతారన్నది అపోహ. పిల్లలు పెద్దలకంటే సులువుగా స్పందిస్తారు.

ఇక రహస్యాలు, జ్ఞాపకాల విషయం. హిప్నాటిజంలో ఉన్న మనిషి చెప్పకూడదనుకున్నదానిని చెప్పడు, కావాలంటే అబద్ధం కూడా చెప్పగలడు. పోలీసు కేసుల వార్తలలో వచ్చే నార్కో పరీక్ష వేరు. అందులో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ప్రశ్నలు వేస్తారు. నిందితుడి సమ్మతి లేకుండా దానిని చేయకూడదని 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మరచిపోయిన సంగతులను హిప్నాటిజంతో బయటకు తీయవచ్చన్న నమ్మకం మాత్రం నిజంగా ప్రమాదకరమైనది. ఆ స్థితిలో మనిషి ఎక్కువ సంగతులు చెప్పవచ్చు, కాని వాటిలో ఊహలు కలిసిపోతాయి, వాటిని ఆ మనిషి జరిగినవే అని గట్టిగా నమ్ముతాడు. పోయిన నగ ఎవరు తీశారో కనిపెట్టడానికి ఇంట్లో పనిచేసే పిల్లను కూర్చోబెట్టడం, చిన్నప్పుడు ఎవరో ఏదో చేశారని "గుర్తుకు తెప్పించి" బంధువుల మీద నింద వేయడం ఎన్నో కుటుంబాలను చీల్చగలవు. పూర్వజన్మ చూపిస్తామనేవారి విషయం కూడా ఇదే. 1990ల మొదట్లో నికోలస్ స్పానోస్ అనే మనస్తత్వ పరిశోధకుడు చేసిన ప్రయోగాలలో, హిప్నాటిస్టు ముందుగా ఏమి ఆశించమని చెబితే "పూర్వజన్మ" దానికి తగినట్లుగానే తయారైంది. ఇటువంటివి చేస్తామని బోర్డు పెట్టిన చోట చికిత్సకు కూడా వెళ్లకపోవడం మంచిది.

చేసేవారి అర్హతను అడిగి తెలుసుకోండి

హిప్నోథెరపీని ఒక చికిత్సా విధానంగా శిక్షణ పొందినవారు చేయవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2003 నవంబరు 25న ఇచ్చిన ఉత్తర్వులో ఉంది. దానిని ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించుకున్నంత మాత్రాన ఆ మనిషి వైద్యుడు కాడు. గుర్తింపు లేని పద్ధతుల వారు డాక్టరు అని పెట్టుకోకూడదన్న మాట కూడా ఆ ఉత్తర్వులోదే. వారాంతపు శిక్షణతో వచ్చిన సర్టిఫికెట్లు, "ఇంటర్నేషనల్" అన్న పదం ఉన్న షీల్డులు మీకు ఏమీ చెప్పవు. అర్హత తెలుసుకోవడానికి ముందుగా అడగవలసింది రిజిస్ట్రేషన్ నంబరు. సైకియాట్రిస్టు అయితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నంబరు. రెండింటినీ ఇంటర్నెట్‌లో సరిచూసుకోవచ్చు.

మన ప్రాంతంలో డాక్టరును చదువు గురించి అడగడం మర్యాద కాదన్న మొహమాటం ఉంది. "తప్పుగా అనుకోవద్దు సార్, మా ఇంట్లో పెద్దవాళ్లు అడగమన్నారు. మీ రిజిస్ట్రేషన్ నంబరు చెబితే రాసుకుంటాను" అని అడిగితే నిజమైన వైద్యుడు నొచ్చుకోడు. దానితో పాటే, ఈ బాధకు హిప్నాటిజం కాక వేరే చికిత్స ఏమి ఉంది, ఎన్ని సిట్టింగులు పట్టవచ్చు, పని చేయకపోతే తరువాత ఏమి చేస్తారు అని కూడా అడగండి. మూడవ ప్రశ్నకు జవాబు లేనివారి దగ్గర మొదటి రెండు ప్రశ్నల జవాబులకు విలువ లేదు. అనంతపురం సాయినగర్‌లోనైనా కర్నూలు ఎన్.ఆర్.పేటలోనైనా ఆసుపత్రి ఎంత పెద్దదన్నది కాక, ఈ ప్రశ్నలకు వచ్చిన జవాబులే లెక్క.

సిట్టింగు రోజున ఏమి జరుగుతుందో తెలిసి వెళ్లండి

మొదటి రోజు ఎక్కువ సమయం మీ చరిత్ర తెలుసుకోవడానికే పడుతుంది. అది లేకుండా నేరుగా కళ్లు మూసుకోమంటే అనుమానించండి. కడుపు నిండా తిని గాని, పూర్తిగా ఖాళీ కడుపుతో గాని వెళ్లవద్దు. మద్యం తాగి అసలే వెళ్లవద్దు. ఫోను ఆపేయండి. ధ్యాస నిలపడానికి ఒక్కొక్కరు ఒక్కొక్క పద్ధతి వాడతారు. 1840లలో మాంచెస్టర్‌లో జేమ్స్ బ్రెయిడ్ అనే వైద్యుడు మెరిసే వస్తువును కళ్లకు కొంచెం పైన పట్టి చూపు నిలపమనేవాడు. ఇప్పుడు ఎక్కువమంది ఊపిరి మీద, కాలి వేళ్ల నుండి తల దాకా కండరాలను వదులు చేయడం మీద ధ్యాస పెట్టిస్తారు. ఆ తరువాత మీ సమస్యకు తగిన సూచనలు వస్తాయి, పేగు సమస్య అయితే కడుపు మీద చెయ్యి ఉంచుకుని వెచ్చదనాన్ని ఊహించమనడం వంటివి. చివరకు అంకెలు లెక్కపెడుతూ మామూలు స్థితికి తీసుకువస్తారు. మొత్తం అరగంట నుండి గంట పడుతుంది.

ఈ సూచనలు మీకు అర్థమయ్యే తెలుగులోనే ఉండాలని ముందే చెప్పండి. పుస్తకాల తెలుగులోనో ఇంగ్లీషులోనో చదివి వినిపిస్తే ధ్యాస నిలవదు. మధ్యలో ఆపాలనిపిస్తే చెయ్యి ఎత్తి కళ్లు తెరవవచ్చు. కన్నీళ్లు వచ్చినా, నవ్వు వచ్చినా కంగారు పడవద్దు. లేచిన తరువాత పది నిమిషాలు కూర్చుని, మంచినీళ్లు తాగి, మగతగా ఉంటే బండి నడపకుండా ఇంకొకరి వెంట ఇంటికి వెళ్లండి. సూచనల రికార్డింగు ఇస్తే ఇంట్లో రోజూ ఒకే సమయానికి వినండి, బండి మీదనో ట్రాక్టరు మీదనో మాత్రం వినవద్దు.

మొదలుపెట్టిన రోజునే ఒక నోటుపుస్తకంలో నొప్పి, నిద్ర, సిగరెట్ల లెక్క రాసుకోవడం ప్రారంభించండి. పేగు సమస్యకు పరిశోధనలలో సాధారణంగా ఏడు నుండి పన్నెండు సిట్టింగులు జరిపారు. మిగిలిన వాటికి నాలుగైదు సిట్టింగులయ్యేసరికి పుస్తకంలో ఏ మార్పూ కనబడకపోతే డాక్టరుతో కూర్చుని దానిని చూపించి వేరే దారి అడగండి. సిట్టింగుల తరువాత భయం పెరిగినా, పాత బాధాకరమైన సంగతులు పదే పదే గుర్తుకు వచ్చి నిద్ర చెడినా అంతవరకు ఆగకుండా వెంటనే చెప్పాలి. తగ్గకపోవడానికి మీ నమ్మకం చాలకపోవడమే కారణమని, ఇంకొక ప్యాకేజీ డబ్బు కడితే తగ్గుతుందని ఎవరైనా అంటే రసీదులు తీసుకుని బయటకు వచ్చేయండి. వైద్యుడు అయితే మెడికల్ కౌన్సిల్‌కు, కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఆ రసీదులతోనే ఫిర్యాదు చేయవచ్చు.